బావమరిది ఛాతీ

రాయి కోసేవాళ్లలో నీళ్లు పోసి కోసేవాళ్లు వేరు, పొడిగా కోసేవాళ్లు వేరు. మన మేస్త్రి పొడిగా కోసే మనిషి. వంటింట్లో పొయ్యి గట్టు మీద పరిచే నున్నటి పలకలు కోయడం అతని పని. పలక మీద ముందు పెన్సిలుతో గీత గీస్తారు, ఆ గీత వెంట కట్టర్ నడపాలి. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము లేవదు, అది అందరికీ తెలిసిందే. కానీ నీళ్లు పడగానే గీత చెరిగిపోతుంది, పైనంతా బురద పేరుకుంటుంది, బ్లేడు ఎటు పోతోందో కనిపించదు. సింకు పట్టే చోటు పిసరంత అటూ ఇటూ అయిందంటే పలక మొత్తం దండగ. అందుకని అతను పనిచేసే కోత షెడ్డులో నీళ్ల గొట్టం ఉండేది గానీ, దాంతో సాయంత్రం పూట కాళ్లూ చేతులూ కడుక్కునేవాళ్లు.

మేస్త్రి కోత అంటే షెడ్డులో అందరికీ గౌరవమే, కాస్త కుళ్లు కూడా. "టేపు కూడా ఆయన్నడిగే కొలుస్తుందిరా" అని వెనకాల ఎగతాళి చేసేవారు. మీసాలు మొలిచీ మొలవకముందు ఈ పనిలో దిగాడు, ఆ మీసాలు నెరిసేదాకా ఇంకో పని ఎరగడు. నెరిశాయో లేదో మాత్రం చెప్పడం కష్టం, ఎందుకంటే పని ముగిసేసరికి జుట్టు, కనుబొమలు, చెవుల్లోని వెంట్రుకలు అన్నీ తెల్లగానే ఉండేవి. "నేను చేసుకున్నది నల్లటాయన్ని, రోజూ ఇంటికొచ్చేది ఎవరో తెల్లాయన" అని భార్య పక్కింటివాళ్లతో నవ్వుతూ చెప్పేది. అతను గుమ్మం బయట చొక్కా దులిపితే వీధిలో పొగలేచినట్టుండేది.

ఇక దగ్గు. షెడ్డులో దగ్గని మనిషి లేడు. దగ్గడం లేదంటే వాడు నిన్న మొన్న చేరినవాడన్నమాట. దానికి రాళ్ల దగ్గు అని పేరు పెట్టుకుని, పేరు పెట్టాం కదా అని దాని గురించి ఆలోచించడం మానేశారు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు, వీటికీ అలాగే అలవాటు పడ్డారు.

అలవాటు పడనిది ఒక్కటే, ఏటేటా తీసే ఎక్స్‌రే. ఫిల్ములో ఊపిరితిత్తుల నిండా దుమ్ము మచ్చలు కనిపిస్తే ఆ మనిషిని కోత పని నుంచి తప్పించాలని నిబంధన. తప్పించి ఏ పనిలో పెట్టాలో మాత్రం నిబంధనలో లేదు. యజమాని రాక్షసుడేం కాదు, కాగితంలో ఏం రాసుంటే అది చేసే మనిషి. నన్నడిగితే రాక్షసుడే నయం, కాళ్లు పట్టుకుంటే ఒక్కోసారి కరుగుతాడు. మేస్త్రికి పని నేర్పిన పెద్దాయన్ని అలాగే ఫిల్ము చూసి ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు అందరూ చప్పట్లు కొట్టి శాలువా కప్పారు. ఆయన ఆ శాలువాలోనే, గోడకి ఆనుకుని కూర్చుని, పడుకోవడానికి ఊపిరి చాలక, అలా కూర్చునే పోయాడు.

అది చూశాక షెడ్డువాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఎక్స్‌రే గదిలో మనిషి మొహం ఎవరూ చూడరు, చూసేది ఛాతీ, అదీ లోపలి వైపు. కార్డు మీద పేరుంటే చాలు. కాబట్టి కార్డు తమది, ఛాతీ ఇంకొకరిది. ఒకడు తమ్ముణ్ణి పంపేవాడు, ఇంకొకడు ఎదురింటి దర్జీని. మేస్త్రికి బావమరిది ఉన్నాడు. పాల వ్యాను నడిపేవాడు, ఆరుబయట గాలిలో తిరిగేవాడు, సిగరెట్టు కూడా ముట్టడు. అద్దంలాంటి ఊపిరితిత్తులు. ప్రతి ఏడూ బావ కార్డు జేబులో పెట్టుకుని వెళ్లి, చొక్కా విప్పి, గడ్డం పైకెత్తి, గాలి పీల్చి నిలబడి వచ్చేవాడు. ఆ రోజు అక్క ఇంట్లో అతనికి భోజనం.

"బావా, నీ గుండె కూడా నాదే కొట్టుకుంటోంది తెలుసా ఆ ఫిల్ములో" అని పరిహాసమాడేవాడు బావమరిది.

"గుండె నీది, తిండి నాది. సరిపోయింది పో" అనేవాడు మేస్త్రి.

ఈ సంగతి ఇంట్లో కూతురికి తెలియదు. ఆ పిల్ల మందుల దుకాణంలో పనిచేసేది. లెక్క ప్రకారం, మాట ప్రకారం నడిచే మనిషి. చెబితే ఊరుకోదని భయం. లారీ నడిపే మొగుడు ఎప్పుడో గాని ఇంటికి రాడు, అందుకని ఆమె, ఆమె చంటిపాప అమ్మానాన్నల దగ్గరే ఉండేవారు. పాపకి ఇంకా నడక రాలేదు. తాత ఛాతీ మీద బోర్లా పడుకోబెడితే తప్ప నిద్రపోయేది కాదు. ఆ పిల్లికూతలు వింటూ, చెవి ఆనించి, తల ఎత్తి, పిల్లి ఎక్కడుందా అని అతని చొక్కా లోపలికి తొంగి చూసేది. మేస్త్రి నవ్వేవాడు, నవ్వు దగ్గయ్యేది, ఆ కుదుపుకి పాప కిలకిలమనేది. అతని బతుకులో అంతకుమించిన సుఖం లేదు. ఆ సుఖం పోకూడదు, ఆ పిల్ల పాలకి, తిండికి తన చేతి పని ఆగకూడదు. అతని తాపత్రయమంతా అదే.

ఇలా ఉండగా ఊపిరితిత్తుల ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ షెడ్డుకి వచ్చింది. సన్నగా, గట్టి గొంతుతో, ఎవరు ఏం అడిగినా విసుక్కోకుండా చెప్పే మనిషి. కోత ఆపించి అందర్నీ కూర్చోబెట్టింది.

"రాతి దుమ్ము పేరుకున్న ఊపిరితిత్తుల్లో టీబీ చాలా తేలిగ్గా పట్టుకుంటుంది" అంది. "మామూలు మనిషి దాన్ని అణచి ఉంచుకోగలడు, దుమ్ము పట్టిన ఛాతీకి ఆ బలం ఉండదు. కానీ అందరికీ రాదు. ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో ముందే లెక్క కట్టొచ్చు. వయసు, ఎన్నేళ్లు కోశారు, బరువు, పొగ తాగుతారా, షుగరుందా, ఎక్స్‌రేలో మచ్చలు ఎంత ఉన్నాయి, ఇవన్నీ కలిపి లెక్క వేస్తాం. ఎక్కువ వచ్చినవాళ్లకి జబ్బు రాకముందే మాత్రలు ఇస్తాం. వారానికోసారి మింగితే చాలు."

"జాతకం అన్నమాట" అన్నాడు వెనక నుంచి ఎవడో.

"జాతకం కాదండీ, లెక్క. మీరు సరిగ్గా చెబితే అదీ సరిగ్గా చెబుతుంది."

ఆ మాట తర్వాత షెడ్డులో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ఎక్స్‌రే ఫలితాలు యజమానికి కూడా వెళతాయని అందరికీ తెలుసు. డాక్టరమ్మ స్వయంగా కూర్చుని బరువు తూచింది, ప్రశ్నలు అడిగింది, మేస్త్రి అన్నిటికీ నిజమే చెప్పాడు. ఎన్నేళ్లుగా కోస్తున్నాడో చెప్పేటప్పుడు కాస్త గర్వంగా కూడా చెప్పాడు. ఎక్స్‌రే వ్యాను వీధి చివర ఆగింది. దాంట్లోకి మాత్రం బావమరిది ఎక్కాడు, దర్జీ ఎక్కాడు, ఎవరెవరి తమ్ముళ్లో ఎక్కారు.

కొన్నాళ్లకి డాక్టరమ్మ మళ్లీ వచ్చి ఒక్కొక్కరినీ పిలిచి లెక్క చెప్పింది. మేస్త్రి వంతు వచ్చింది.

"మీది చాలా తక్కువ వచ్చింది మేస్త్రిగారూ. ఇన్నేళ్లు కోసి కూడా ఊపిరితిత్తులు ఇంత శుభ్రంగా ఉండటం నేనెక్కడా చూడలేదు. మీకు మాత్రలు అక్కర్లేదు. అదృష్టవంతులు" అంది మనసారా సంతోషిస్తూ.

ఇక్కడే ఈ మనిషి చేసిన పని నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడదు. ఆ ఛాతీ తనది కాదని తెలిసినవాడు, తనే పంపినవాడు, ఆ మాట నమ్మాడు. నమ్మినట్టు నటించలేదు, నిజంగానే నమ్మాడు. చదువుకున్న మనిషి, అంత కష్టపడి లెక్క వేసి, కళ్లలోకి చూసి, మీకు రాదు అని చెప్పింది. జీవితంలో ఎవరూ అతనికి అలాంటి మాట చెప్పలేదు. గుండెల మీంచి బరువు దిగింది. ఇంటికి వెళ్లి పాపని ఎత్తుకుని గాలిలోకి ఎగరేస్తూ, "మీ తాతకి ఏమీ రాదటే, డాక్టరమ్మ చెప్పింది" అన్నాడు. కూతురు సంతోషంతో కళ్లు తుడుచుకుంది. భార్య వంటింట్లోంచి తల బయటపెట్టి, నోరు తెరిచి, మళ్లీ మూసుకుని లోపలికి వెళ్లిపోయింది.

బావమరిది మాత్రం మర్నాడే వ్యాను షెడ్డు బయట ఆపి, బావని పక్కకి లాక్కెళ్లాడు.

"బావా, ఆవిడ చెప్పింది నా గురించి. టీబీ రానిది నాకు. నీకు కాదు."

"లెక్కలో వయసు నాది. బరువు నాది. కోసిన ఏళ్లు నావి. నీది ఒక్క ఫొటోనే కదరా."

"ఆ ఒక్కటే అసలుది బావా! వెళ్లి చెప్పేద్దాం. మాత్రలిస్తుంది, వేసుకుందువు గాని."

"చెబితే గేటు బయటే. నేను కూర్చుంటే పాపకి పాలెవడు పోస్తాడు, నీ వ్యానా?"

నిజానికి పాల వ్యానే గనక ఆ మాటకి ఇంకో రోజయితే ఇద్దరూ నవ్వేవారు. ఆ రోజు నవ్వలేదు. బావమరిది వ్యానెక్కి వెళ్లిపోయాడు. తనే వెళ్లి చెప్పొచ్చు కదా అని మీరంటారు. అక్క సంసారం తన నోటితో కూల్చడానికి అతనికి ధైర్యం చాలలేదు. రేపు చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూ రోజులు గడిపేశాడు.

చలి తగ్గేసరికి మేస్త్రి దగ్గు మారింది. అంతకుముందు పొడిదగ్గు, ఇప్పుడు కఫం. సాయంత్రమయితే ఒళ్లు వెచ్చబడేది, తెల్లవారేసరికి పక్కబట్టలు చెమటతో తడిసేవి. ప్యాంటు నడుము వదులైతే భార్య కుట్టు వేసింది, మళ్లీ వదులైతే మళ్లీ వేసింది, ఎందుకు వేస్తోందో ఇద్దరూ మాట్లాడుకోలేదు. "డాక్టరుకి చూపించుకో నాన్నా" అని కూతురు పోరుపెడితే, "డాక్టరమ్మే చెప్పింది కదమ్మా, నాకు రాదని. ఇది రాళ్ల దగ్గు" అనేవాడు. మందుల దుకాణంలో పనిచేసే పిల్ల కాబట్టి లెక్కలంటే గురి, పెద్ద డాక్టరు మాటంటే ఇంకా గురి. ఊరుకుంది. దగ్గుకి సిరప్పు తెచ్చి ఇచ్చింది.

పాప రోజూ ఆ ఛాతీ మీదే నిద్రపోయేది.

ఒక వారం పాపకి జ్వరం తగిలింది. పళ్లు వస్తున్నాయన్నారు. పాలు కక్కింది, అరగలేదన్నారు. తర్వాత ఆడుకోవడం మానేసింది, పిలిస్తే పలికేది కాదు, ఎత్తుకుంటే ఏడ్చేది, దించితే మగతగా పడి ఉండేది. ఒక పొద్దున మెడ వెనక్కి వాల్చి, కళ్లు ఒక పక్కకి తిప్పేసి, ఒళ్లంతా కొట్టుకుంది. కూతురు చెప్పులు కూడా వేసుకోకుండా పాపని భుజాన వేసుకుని పరిగెత్తింది. వెనకాల మేస్త్రి, నాలుగడుగులకోసారి ఆగి ఆయాసం తీర్చుకుంటూ.

పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు, ఊపిరితిత్తుల విభాగం ఒకే మేడలో ఉన్నాయి. పాప వెన్నులోంచి నీరు తీసి చూసినవాళ్లు డాక్టరమ్మని కిందికి పిలిపించారు. ఆమె మంచం దగ్గర నిలబడి కూతుర్ని అడిగింది.

"పాపకి టీబీ మెదడుదాకా పాకింది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా? ఎడతెగని దగ్గు ఎవరికైనా?"

"లేదండీ. పుట్టగానే టీకా కూడా వేయించాం" అంది కూతురు. "మా నాన్నకి దగ్గుంది. కానీ అది రాళ్ల దగ్గు. ఆయనకి టీబీ రాదని మీరే లెక్క కట్టి చెప్పారు కదండీ."

డాక్టరమ్మ తల తిప్పి గోడ పక్కన నిలబడ్డ మేస్త్రిని చూసింది. గుర్తుపట్టింది. వేలాడుతున్న చొక్కాని, బయటికి పొడుచుకొచ్చిన మెడ ఎముకల్ని చూసింది. తన లెక్క తప్పిందనుకుంది పాపం.

ఆ క్షణాన మేస్త్రి నోరు మూసుకుని ఉండొచ్చు. లెక్క తప్పిందని అందరూ ఆ డాక్టరమ్మనే తిట్టుకునేవారు, ఉద్యోగం ఉండేది, కూతురు దృష్టిలో తండ్రి తండ్రిగానే ఉండేవాడు. మంచం మీద పాప చెయ్యి, గాజంత కూడా లేని ఆ మణికట్టు, సూది గుచ్చి అట్టముక్కకి కట్టేసి ఉంది.

"ఆ ఫొటో నాది కాదమ్మా" అన్నాడు. "మా బావమరిదిది."

డాక్టరమ్మకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కూతురికి పట్టలేదు.

"మీ ఒక్కరిదేనా?" అని అడిగింది డాక్టరమ్మ నెమ్మదిగా.

"షెడ్డంతా అంతేనమ్మా."

"మీ షెడ్డులో అందరికీ తక్కువే వచ్చింది. ఒక్కరికీ మాత్రలు ఇవ్వలేదు నేను." ఆమె ఆ మాట ఎవరికీ కాకుండా తనలో తనే చెప్పుకుంటున్నట్టు అంది. తర్వాత అతన్ని ఎక్స్‌రే గదికి తీసుకెళ్లమంది.

ఎన్నో ఏళ్లుగా ఏటేటా ఎక్స్‌రే తీయించుకున్నట్టు కార్డు మీద ఉన్న మనిషికి, ఆ పలక ముందు ఎలా నిలబడాలో తెలియలేదు. గడ్డం ఎక్కడ పెట్టాలో, మోచేతులు ఎటు తిప్పాలో ఒకటొకటే చెప్పాల్సి వచ్చింది. గాలి పీల్చి ఆపమన్నారు. ఆపలేకపోయాడు. మళ్లీ తీశారు. ఫిల్ములో ఊపిరితిత్తుల నిండా తెల్లటి మచ్చలు, కుడివైపు పైన టీబీ తొలిచిన గుంట. ఇక వాళ్లు లెక్క కట్టడానికి ఏమీ మిగల్లేదు, జబ్బు వచ్చి చాలా రోజులైంది.

తిరిగి వచ్చి వార్డు గుమ్మం బయటే ఆగిపోయాడు. లోపలికి రావద్దన్నారు, మొహానికి మాస్కు కట్టారు. డాక్టరమ్మ బయటికి వచ్చినప్పుడు చేతులు జోడించాడు.

"పాపకి కూడా ఏదో లెక్క ఉంటుంది కదమ్మా. బతుకుతుందో లేదో... అది వేసి చెప్పండి."

ఆమె అతని వంక చూసి, "ఉంది. అది నన్నడగొద్దు" అని వెళ్లిపోయింది.

ఆ వారం దాటకుండానే పాప పోయింది. మేస్త్రి అప్పటికి పై అంతస్తులో టీబీ వార్డులో ఉన్నాడు. చెప్పడానికి ఎవరు వస్తారా అని గుమ్మం వైపు చూస్తుంటే బావమరిది వచ్చాడు. వచ్చి, మంచం కాలు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "నేను ఆ రోజే చెప్పాల్సింది బావా, నేను చెప్పాల్సింది" అని తల బాదుకున్నాడు. మేస్త్రి అతని తల మీద చెయ్యి వేశాడు. కిందికి తీసుకెళ్లమని అడగలేదు. ఆఖరిచూపు కోసం ఆ పిల్ల తల్లి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

డాక్టరమ్మ షెడ్డుకి వెళ్లి అందరి చేతా మళ్లీ ఫిల్ములు తీయించింది, ఈసారి పక్కనే నిలబడి మొహాలు చూస్తూ. సగానికి పైగా మనుషులు గేటు బయట పడ్డారు. మాత్రలు దొరికాయి, పని పోయింది. వాళ్లు మేస్త్రిని తిట్టని తిట్టు లేదు. మనవరాలు పోయినవాణ్ణి అలా అనకూడదని కూడా ఎవరికీ తోచలేదు. అంతమంది పొయ్యిలు ఆర్పినవాడికి జాలెందుకు అన్నారు.

మందులు మేస్త్రికి పనిచేశాయి. అదొక ఘోరం. జ్వరం పోయింది, కఫం ఆగింది, భార్య వేసిన కుట్లు తనే మళ్లీ విప్పాల్సి వచ్చింది. దుమ్ము మాత్రం ఎక్కడికీ పోదు, ఊపిరి ఇక పెరగదు, కానీ టీబీ తగ్గుతోందని ఆసుపత్రివాళ్లు భుజం తట్టి ఇంటికి పంపారు. ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చునేవాడు. భార్య వండి పెట్టేది, గిన్నె అతని ముందు పెట్టి పక్కకి తిరిగి కూర్చునేది.

కూతురు ఎక్కడికీ వెళ్లలేదు. ఒక్క మాటా అనలేదు, అరవలేదు, నిలదీయలేదు. ఆ పిల్ల తనని నాలుగు తిట్టినా బాగుండునని మేస్త్రి ఎదురుచూశాడు. రోజూ పొద్దున్నే దుకాణానికి వెళ్లేముందు మాత్రలన్నీ ఒలిచి అతని అరచేతిలో పోసేది, నీళ్ల గ్లాసు అందించేది, అన్నీ మింగేదాకా ఎదురుగా నిలబడి చూసేది. తర్వాత వెళ్లిపోయేది. వారానికోసారి మాత్రం, జబ్బు రాకుండా తన కోసం విడిగా ఇచ్చిన మాత్రలు కూడా మింగి వెళ్లేది.

ఒక రోజు మేస్త్రి అరచెయ్యి మూసేశాడు. మాత్రలు గుప్పిట్లో పెట్టుకుని, తల ఎత్తకుండా, "నాకింకా ఇవెందుకమ్మా? ఎవరి కోసం బతకాలి నేను?" అన్నాడు.

కూతురు వంగి అతని వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. ఆ చేతుల్లో కోపం లేదు, ఆప్యాయత కూడా లేదు.

"మింగు నాన్నా" అంది. "ఇంట్లో ఇంకా అమ్మా నేనూ ఉన్నాం."

మేస్త్రి మింగాడు.